దారం లేని కెమెరా

కళ్యాణదుర్గంలో మా స్టూడియో అంటే ఇంటి ముందుగదే. అందరి చేతుల్లో ఫోన్లుంటే స్టూడియోకి ఎవరొస్తారని చాలామంది నవ్వారు. బెంగళూరు జంటలు వస్తారు. బెళుగుప్ప దారిలో గాలిమరల కింద నిలబడి, పాతకాలం రీలు కెమెరాతో ఫోటోలు తీయించుకోవడం వాళ్లకు మోజు. వాళ్ల మోజే మా కూడు.

మా దగ్గర అచ్చం ఒకేలాంటి రీలు కెమెరాలు మూడున్నాయి. రీలు ఎక్కించాక లోపల ఏముందో బయటికి కనపడదు. చూద్దామని వెనక మూత తెరిస్తే వెలుతురు తగిలి రీలు పాడవుతుంది. అందుకే నేను వాటి పట్టీలకు దారాలు కట్టేదాన్ని. ఎర్ర దారమైతే కలర్, తెల్ల దారమైతే బ్లాక్ అండ్ వైట్, దారం లేకపోతే ఖాళీ. అవి ధర్మవరంలో మా నాయన మగ్గం దగ్గర మిగిలిన పట్టు పోగులు. జోయల్‌ను చేసుకుని ఇల్లు విడిచినప్పుడు నా బట్టల సంచి అడుగున పడి వచ్చాయి.

ఆ పెళ్లి చేసుకున్నందుకు మా అన్న మారుతి ఇంట్లో అందరి ఫోన్లలోంచీ నా ఫోటోలు తుడిచేశాడు. గోడ మీదివి తీసి చించాడు. నాయన మాత్రం మగ్గం మీంచి లేవకుండా నేసుకుంటూనే ఉన్నాడట. ఆ మాట విన్నప్పుడు అన్న మీద కన్నా నాయన మీదే నాకు ఎక్కువ మండింది.

అలాంటి నాయన ఒక గురువారం చెప్పాపెట్టకుండా మా వాకిట్లో నిలబడ్డాడు. గోడ మీది సిలువ క్యాలెండరు వంకా, బొట్టు లేని నా నుదుటి వంకా చూశాడు.

"ఈ ఇంట్లో నీదంటూ ఏమన్నా మిగలనిచ్చినారామ్మా?"

నేను కెమెరా పట్టీలకున్న దారాలు చూపించాను. వేళ్ల మధ్య నలిపి చూసి, తన మగ్గానివేనని గుర్తుపట్టాడు. కాసేపటికి, ఇద్దరం కలిసి ఒక ఫోటో తీయించుకుందామన్నాడు. ఫోనులో వద్దు, తుడిచేస్తారు, రీలులోనే తియ్యమన్నాడు. తెల్ల దారం కెమెరాలో చివరి ఫోటో మాది. జోయలే తీశాడు. వచ్చే గురువారం వచ్చి తీసుకుపోతానని నాయన బస్సెక్కాడు.

మర్నాడు మా అత్త, అంటే జోయల్ తల్లి సువార్త, ఉపవాస ప్రార్థన నుంచి వచ్చి ఆ దారాలు చూసింది. నేను నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి ఉన్నాను. అవి మంత్రించిన దారాలనుకుని, రెండింటినీ కత్తెరతో కోసి పొయ్యిలో వేసి, ఒక్కో కెమెరా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిందట. కాసేపటికి జోయల్ వచ్చి, ఒక కెమెరాకి దారం లేదని, ఖాళీదనుకుని, కొత్త రీలు ఎక్కించడానికి వాకిట్లోనే మూత తెరిచాడు. మా ఎండ సంగతి తెలిసిందే. చివరి ఫోటో రీలు చుట్టలో అన్నిటికన్నా పైన ఉంటుంది. తెరిచింది తెల్ల దారం కట్టిన కెమెరానే, ముందు కాలిపోయింది మా ఫోటోనే.

"నీకు యాడ చెడుపు తగుల్తాదోనని తీసేసినా హేమా. నీకోసరమే తీసినా," అని అత్త ఏడ్చింది.

కావాలని చేసి ఉంటే జుట్టు పట్టుకుని పోట్లాడేదాన్ని. నా మంచి కోరి చేసినదానికి ఎవరితో పోట్లాడను?

గురువారం నాయన వచ్చాడు. రీలు కడగడానికి బెంగళూరు పంపామని, ఇంకా రాలేదని చెప్పాను. మరో గురువారం, అక్కడ మిషను చెడిపోయిందన్నాను. ఇంకో ఫోటో తీయడం ఎంతసేపు? కానీ తీయాలంటే మొదటిది ఏమైందో చెప్పాలి. చెబితే, ఈ ఇంట్లో నాదేమీ మిగలలేదని నాయనకు నా నోటితోనే చెప్పినట్టు. అబద్ధంలో కూరుకుపోయాను. గురువారం వచ్చిందంటే నాయన కంట పడకుండా దారాలు పోయిన కెమెరాలను బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. అత్త వంటింట్లో దాక్కునేది. సొంత ఇంట్లో దొంగల్లా బతికాం ఇద్దరమూ.

చివరికి అత్తకే ఓపిక పోయింది. ఒకరోజు కాఫీ గ్లాసు తెచ్చి నాయన ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

"అన్నా, ఆ రీలు ఇంగ రాదన్నా. దారాలు కోసింది నేనే."

నాయన కాఫీ తాగుతూనే ఉన్నాడు.

"తెలుసులేమ్మా. మీవోడు మొదటి వారమే బస్టాండులో చెప్పినాడు."

గడపలో నిలబడ్డ జోయల్ వంక చూశాను. అతను నేల చూపులు చూశాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. తెలిసీ ఇన్ని వారాలు నా అబద్ధాలు ఎందుకు విన్నావని నాయన్ని నిలదీశాను. కొత్త రీలు ఇప్పుడే ఎక్కిస్తాను, ఇప్పుడే తీయించుకుందామని బీరువా దగ్గరికి పోయాను.

"ఉండు హేమా," అన్నాడు నాయన. గ్లాసు కింద పెట్టాడు. "ఫోటో కోసరం పోతాండానని నాకు నేను చెప్పుకోని బస్సెక్కుతాండా. అది చేతికొస్తే ఏమని చెప్పుకోని ఎక్కల్ల?"

తాళంచెవి నా చేతిలోనే ఉండిపోయింది. కూతుర్ని చూడాలనుందని తనకు తాను చెప్పుకోలేని మనిషి అలా నా ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది, నన్ను చూసుకున్నా జాలేసింది. బస్సు వేళయిందని నాయన లేచాడు. రీలు వచ్చిందేమో వచ్చే గురువారం కనుక్కుంటానన్నాడు.

ఇంకా రాకపోవచ్చు నాయనా అన్నాను.