నీళ్లు ఒలకని సాయంత్రం

నేను ఒక స్టీలు గ్లాసును. పెళ్లి కానుకకని కొన్న ఆరింటిలో ఒకదాన్ని. మిగతా ఐదూ ఎటు పోయాయో తెలియదు. నన్ను మాత్రం రాహేలు సిస్టరు మజ్జిగ తాగడానికని తను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో మత్తు మాన్పించే డీఅడిక్షన్ వార్డుకు తెచ్చి, చివరికి కొలతకు పెట్టింది.

మందు వేళకు నన్ను అంచుదాకా నీళ్లతో నింపి రోగి చేతికిస్తుంది. నీళ్లు ఎంత ఒలికితే చెయ్యి అంత వణుకుతున్నట్టు. ఆపైన నాడి, బీపీ, ఊపిరి చూసి, డాక్టరు రాసిన హద్దులో వణుకు తగ్గే మాత్ర ఇస్తుంది. "కల్లు ఒక్క సీసనే తాగుతనమ్మా" అంటూనే నన్ను సగం ఖాళీ చేసినవాళ్లు ఎందరో! నోరు ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకొకటి.

ఒకసారి బీడీలు చుట్టే పోశవ్వ వచ్చింది. ఊళ్లో కల్తీ కల్లు దుకాణం మూతపడి నాలుగు రోజులైంది. కల్లులో కలిపే మత్తుమందు అందక ఒళ్లంతా వణుకు. లేని చీమలను దులుపుకునేది. మొదటిరోజు నాలో గుక్కెడు మిగల్లేదు. రెండో రోజు సగం ఒలికింది.

మూడో సాయంత్రం ఒక్క చుక్కా ఒలకలేదు.

మొగుడు ఓదెలు మురిసిపోయాడు. "సూసిన్రా సిస్టరమ్మా, నయమైపాయె! ఆ గోలీ గూడ ఇయ్యిన్రి, సల్లగ పండుకుంటది."

రాహేలు ఇవ్వలేదు. పోశవ్వ రెప్పలు వాలిపోతున్నాయి. ఊపిరి మందగించింది.

"నిన్న అంత వణికిన చెయ్యి ఇయ్యాల రాయి లెక్క ఎట్లయిందన్నా? ఏం తాపినవ్?"

"అంబలి..."

"అంబలికి ఊపిరి గిట్ల తగ్గది. దీని మీద గోలీ పడితే మనిషి దక్కదు. నిజం చెప్పు."

ఓదెలు తల దించుకున్నాడు. "తిప్పలు సూడలేక... పక్కూరి కల్లు. అంబలి సీసల పోస్కొచ్చిన."

మాత్ర ఆగింది. డాక్టరు పరుగున వచ్చాడు. పోశవ్వను పక్కకు తిప్పి పడుకోబెట్టారు, ఆక్సిజన్ పెట్టారు. రాహేలు మంచం పక్కనే నిలబడి ఊపిరులు లెక్కపెట్టింది. నిమిషానికి ఎనిమిది. ఎంతో సేపటికి తొమ్మిది. ఓదెలు కూడా లెక్కపెట్టాడు, పది దాటితే లెక్క రాక మళ్లీ ఒకటి నుంచి.

తెల్లారి పోశవ్వ కళ్లు తెరిచి, "నోరెండుతుంది. గట్ల సూస్తవేంది, నీళ్లియ్యి" అని మొగుణ్ణి కసిరింది.

రాహేలు నన్ను నింపి ఇచ్చింది. చెయ్యి గడగడా వణికి నీళ్లు ఓదెలు చొక్కా మీద పడ్డాయి.

"అయ్యో, వణుకు మల్లొచ్చిందమ్మా!"

"రానియ్యన్నా," అంది రాహేలు, ఊపిరి, నాడి చూసి మాత్ర తీస్తూ. "వణుకుకు నా దగ్గర గోలీ ఉంది. పోయిన పానానికి లేదు."

నాలో మిగిలిన రెండు గుక్కలతో పోశవ్వ ఆ మాత్ర మింగింది.