డేగ కాలు ముడిచిన రోజు

వాన వెలిసి మబ్బు కొండెక్కగానే మా పెరటి మీదికి డేగలు వచ్చేశాయి. ఉత్తరం కొండ దాటి, మా నారింజ చెట్ల పైన సుడి తిరిగి, నల్లసముద్రం పక్కగా దక్షిణానికి జారిపోతున్నాయి. మా అజారా కొండల్లో ప్రతి సెప్టెంబరులోనూ ఇదే వరస. అయినా నేను ఓతార్‌ని గుండెకు అదుముకున్నాను. వాడికి ఇంకా ఎనిమిది నెలలే.

"అంత ఎత్తున పోయేవాటికి నీ కొడుకెందుకమ్మాయ్? వాటి ధ్యాసంతా దారి మీదే" అన్నారు మామయ్య ఇస్కెందర్.

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎడమచేతి మీద, మొన్న వలలో పడిన ఆడ డేగ. ఏటా ఈ కాలంలో మా ఊరి మగవాళ్లు ఒక డేగను పట్టి, మచ్చిక చేసి, పూరేడు పిట్టల వేటకు వాడుకుని, చలి ముదరకముందే వదిలేస్తారు. మచ్చిక చెయ్యడమంటే పొద్దస్తమానం దాన్ని చేతిమీద పెట్టుకుని మనుషుల మధ్య కూర్చోవడమే. భయం తీరిన డేగ ఒక కాలు ఎత్తి ఈకల్లో దాచుకుంటుంది. ఆ గుర్తు కోసమే కాచుకుంటారు.

ఈ ఏడు మామయ్య చేయి వణుకుతోంది. వణికే చేతిమీద డేగ నిలవదు. ఎగరబోయి, కాలి తోలుపట్టీకి తలకిందులుగా వేలాడుతుంది. ఆయన ఎత్తి కూర్చోబెడతారు. మళ్లీ వేలాడుతుంది.

కంచె అవతలి నుంచి అస్లాన్ తాత కేకేశాడు. "ఏం బావా, నువ్వు పట్టింది డేగనా, గబ్బిలాన్నా? ఎప్పుడు చూసినా తలకిందులే!"

మామయ్య నవ్వలేదు. "రేపటికీ ఇట్టాగే ఉంటే వదిలేస్తాను. ఇక మళ్లీ పట్టను" అన్నారు నాతో, మెల్లగా. మీసాలు రాకముందు నుంచీ ఈ కాలంలో ఆయన చేయి ఖాళీగా ఉన్నది లేదు.

"మీ అబ్బాయికి ఇవ్వండి మామయ్యా."

"వాడి చేతిమీద ఈగ కూడా నిలవదు."

ఇంతలో ఓతార్ ఏడ్చి ఏడ్చి నా ఎడమచేతి మీదే నిద్రపోయాడు. నా ముక్కు మీద ఈగ వాలింది. తోలలేదు. కదిలితే వాడు లేస్తాడు. మామయ్య నా వంక అదేపనిగా చూశారు.

"వాణ్ని ఇటివ్వు. దీన్ని నువ్వు పట్టు."

"నేనా? దాని గోళ్లు చూశారా!"

"నీ కొడుకు గోళ్లకంటేనా? ఆ బుగ్గ మీద గీతలెవరివి?"

డేగను పట్టిన ఆడదాన్ని మా ఊళ్లో నేను చూడలేదు. నా భయం అది కాదు. ఆ వణికే చేతుల్లో పిల్లాడు! కానీ అప్పటికే ఆయన ఒడిలో దుప్పటి పరుచుకుని, డేగను కుడిచేతికి మార్చుకుని, ఎడమచేతి తోలు తొడుగు విప్పి నా వైపు చాపారు. ఓతార్‌ని పడుకోబెట్టి తొడుక్కున్నాను. వెచ్చగా ఉంది.

డేగను దానిమీదికి ఎక్కించారు. ఇంత తేలికా! నా మోచేయి తనంతట తానే ఒంటికి ఆనుకుంది, పిల్లాణ్ని ఎత్తుకున్నట్టే. మా మీదుగా డేగల నీడలు దాటినప్పుడల్లా గుండె అదిరింది కానీ చేయి కదల్లేదు.

"కోడలు వేటకు బయల్దేరింది, మామ జోలపాట పాడతాడు కాబోలు!" అన్నాడు అస్లాన్ తాత.

"పాడతాను గానీ నోరు ముయ్యి, పిల్లాడూ లేస్తాడు, డేగా లేస్తుంది."

ఓతార్ కదిలాడు. నా ప్రాణం అటే పోయింది. వాడి వీపు మీద ఆయన అరచేయి వణుకుతూనే ఉంది. ఆ వణుక్కే వాడు మూతి చప్పరించి మళ్లీ నిద్రలోకి జారాడు.

డేగ ఒళ్లు దులిపింది. ఈకలన్నీ ఉబ్బాయి. మెల్లగా ఒక పసుపుపచ్చటి కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుంది.

"మామయ్యా," అన్నాను పెదాలు కదపకుండా, "కాలు..."

ఆయన మెడ చాచి చూశారు. "పూరేళ్ల వేటకు కూడా నువ్వే రావాలి మరి."

"మరి పిల్లాడు?"

"వాడికి నేనున్నాగా."

పైన డేగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఈగ మళ్లీ వచ్చి ముక్కు మీద వాలింది. ఉండనిచ్చాను.