మేనమామ ఒడికి లైసెన్సు

దత్తాత్రేయులుగారు మా పంచాయతీకి ఆఫీసరుగా వచ్చేదాకా తిరువూరులో గడ్డం గీయడానికి కత్తి ఉంటే చాలు. ఆయన వచ్చాక, అంటే యాభై ఆరులో, లైసెన్సు కూడా కావాల్సొచ్చింది. క్షవరం చేసేవాళ్ళు, ఒళ్ళు పట్టేవాళ్ళు, చెవులు కుట్టేవాళ్ళు అందరూ ఫారం నింపి, ఏ చోట పనిచేస్తారో రాయించి సంతకం పెట్టాలి. ఫారాలు నింపే గుమస్తాని నేను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఓ కునుకు తీయడం నాకు పధ్నాలుగేళ్ళ అలవాటు. ఈ ఫారాల దెబ్బకి అది పోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆఫీసరుగారి సూత్రం ఒక్కటే. ఎవరు ఏం చెబితే అదే రాయాలి, రాసింది ఎవరూ దాటకూడదు. దాటితే యాభై రూపాయల జరిమానా. ఒళ్ళు పట్టే జోజప్ప తన చోటు షావుకార్ల అరుగులన్నాడు, అదే రాశాను. బాలింతలకి నలుగు పెట్టే అక్కమ్మ పెరడు అంది, అదీ రాశాను.

ఆఖర్న కంసాలి బ్రహ్మయ్య వచ్చాడు. ఊళ్ళో సగంమంది చెవులు ఆయన కుట్టినవే. నావి కూడా. కొట్లో కుడతావా అంటే, బొగ్గు నుసిలో పసిపిల్లలకి కుట్టనన్నాడు. మరి ఎక్కడంటే, నలభై ఏళ్ళుగా మేనమామ ఒళ్ళో కూర్చోబెడితేనే కుడుతున్నానని చెప్పాడు. ‘చోటు’ అన్న గడిలో ‘మేనమామ ఒడి’ అని రాశాను. ఆఫీసరుగారు చదివి, నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాను. సంతకం పెట్టారు.

అప్పుడు ఆయనకి సొంత ఇల్లు గుర్తురాలేదు. ఆయన కూతురు రమాసుందరికి మూడో ఏడు నడుస్తోంది, ఇంకా చెవులు కుట్టించలేదు. పిల్లకి ఒక్కడే మేనమామ, పెనుగొలనులో బడిపంతులు సోమయాజులు. పిల్ల బారసాలనాడు అతను వెండి గిన్నె పట్టుకుని వస్తే, పెనుగొలను చుట్టుపక్కల కలరా ఉందని, ఇంజెక్షను సర్టిఫికెట్టు చూపించి లోపలికి రమ్మన్నారు ఆఫీసరుగారు, నలుగురిలో. సోమయాజులు గిన్నె అరుగుమీద పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ గడప తొక్కలేదు. ఆఫీసరుగారి భార్య కామేశ్వరిగారు ఆ రోజునుంచీ తమ్ముడి పేరు ఎత్తలేదు, పుట్టింటికీ వెళ్ళలేదు. రమ్మని కబురు పెట్టండని మొగుణ్ణి ఒకే ఒకసారి అడిగారట. తప్పు నాది కాదన్నారట ఆయన. ఆవిడ మనిషి సగమైపోవడం ఊరంతా చూసింది, ఆయన తప్ప.

మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. పీటలమీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆఫీసరుగారి తమ్ముడు కూర్చున్నాడు. బ్రహ్మయ్య వచ్చి, బంగారు తీగ తీసి, ఆ అబ్బాయి పిల్లకి ఏమవుతాడని అడిగాడు. బాబాయన్నారు. తీగ మళ్ళీ పొట్లంలో చుట్టాడు.

"బాబాయి ఒడికి లైసెన్సు లేదండి," అన్నాడు.

ఆఫీసరుగారు కాగితం తెప్పించుకుని చూశారు. సంతకం ఆయనదే. కావాలంటే చోటు మార్చి రాస్తానన్నారు. దానికి మళ్ళీ నేనే అర్జీ పెట్టుకోవాలి కదండీ, నాకు ఉన్నది చాలు అన్నాడు బ్రహ్మయ్య. చెవులు కుట్టే లైసెన్సు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. కామేశ్వరిగారు వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి మొహంలోకే చూస్తున్నారు. ఆ చూపుకి నాకే తలెత్తబుద్ధి కాలేదు.

వారం తర్వాత ఇంకో ముహూర్తం ఉంది. మర్నాడు ఆఫీసులో ఆయన తలుపేసుకుని కూర్చున్నారు. నాలుగు కాగితాలు ఉండచుట్టి పారేశారు. బావమరిదిని ఇంటికి పిలవడం ఆయనకి ఎవరూ నేర్పినట్టు లేదు. తనకు వచ్చిన పద్ధతిలోనే ఐదోది రాసి నా చేతికిచ్చారు. 'పదహారో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు తమరు తమ ఒడితో సహా మా ఇంటివద్ద హాజరు కావలెను' అని ఉంది. కింద సంతకం, దాని మీద స్టాంపు.

బస్సెక్కి పెనుగొలను వెళ్ళాను. సోమయాజులు బళ్ళో ఎక్కం చెప్పిస్తూ, అది ఆపి, నిలబడే రెండుసార్లు చదివాడు.

"సర్టిఫికెట్టు కూడా తెమ్మన్నాడా?"

"నోటీసులో ఆ మాట లేదండి," అన్నాను.

"అక్కయ్య ఎలా ఉంది?"

బాగాలేరండి అనేశాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పిల్లలకి ఎక్కం మళ్ళీ మొదట్నించి చెప్పించాడు.

పదహారోతేదీ తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. బావా బావమరుదులిద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు, కోర్టులో ప్లీడర్లు పెట్టుకున్నట్టు. పిల్ల కొత్త మనిషని బెదరలేదు, పోయి ఒళ్ళో కూర్చుంది. బ్రహ్మయ్య బెల్లంముక్క నోట్లో పెట్టి కుడిచెవి కుట్టాడు. పిల్ల గుక్కపట్టింది. ఎడమచెవి కుట్టేటప్పటికి పిల్లకంటే గట్టిగా కామేశ్వరిగారు ఏడుస్తున్నారు. ఏడుస్తూనే వచ్చి తమ్ముడి పక్కన చతికిలబడి అతని చెయ్యి పట్టుకున్నారు. సోమయాజులు పిల్లని సముదాయిస్తున్నట్టు తల వంచేశాడు గానీ, పిల్ల అప్పటికే ఏడుపు మానేసింది.

కాసేపటికి అతను లేచి కండువా సర్దుకున్నాడు. బడికి సెలవు పెట్టలేదని, పదకొండు గంటల బస్సుకి వెళతానని అక్కగారితో చెప్పాడు. కామేశ్వరిగారు చెయ్యి వదల్లేదు, ఉండమనీ అనలేదు.

ఆఫీసరుగారు గోడ గడియారం చూశారు. పదిన్నర కావస్తోంది.

"బస్సు వెళ్ళిపోయింది సోమయాజులూ. రేపు పొద్దున వెళుదువుగాని," అన్నారు.

బస్సు స్టాండు ఆ వీధి చివరే. పెనుగొలను బస్సు అక్కడ నిలబడి ఉండటం కిటికీలోంచి అందరికీ కనబడుతోంది. సోమయాజులు ఒకసారి దానివైపు చూసి, కండువా తీసి చిలక్కొయ్యకి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.