డూప్ ఆడిన సగం ఆట

ఛీ, షూటింగ్ అన్న మాట వింటేనే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. పద్దెనిమిదేళ్లుగా శ్రీనగర్ కాలనీ గ్రౌండ్‌లో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. ఎవరికీ లొంగని దాన్ని, తెర మీద ‘ఆట నేర్పినది: సోఫియా’ అని వేస్తామనగానే కరిగిపోయాను. సిగ్గు లేదు నాకు.

దర్శకుడు అరవింద్‌కు తన సినిమాలో పిక్ అండ్ రోల్ అనే ఎత్తు కావాలట. వివరించాను. బంతి పట్టుకున్న మన అమ్మాయిని అవతలి జట్టు పిల్ల వెంటాడుతుంటే, మనమ్మాయే ఇంకొకతె ఆ పిల్ల దారికి అడ్డంగా గోడలా నిలబడాలి. అదే స్క్రీన్. ఢీ తగలగానే ఆ నిలబడ్డ పిల్లే గిర్రున తిరిగి రింగు వైపు ఉరకాలి, బంతి అందుకుని వేసెయ్యాలి. నిలబడటం సగమే, తిరగడం మిగతా సగం.

“సూపర్ మేడమ్! కాకపోతే హీరోయిన్‌కి దెబ్బ తగలకూడదండీ. నిలబడేది డూప్, తిరిగి గోల్ కొట్టేది హీరోయిన్,” అన్నాడు.

గోల్ అట! బాస్కెట్‌బాల్‌లో గోల్! అప్పుడే లేచి వచ్చేయాల్సింది.

డూప్‌గా నా శిష్యురాలు మెర్లిన్‌నే తీసుకెళ్లాను. మోతీనగర్ పిల్ల, ఆరడుగులు. రాష్ట్ర జట్టు సెలక్షన్ ఆ ఆదివారమే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి తనకదే ఆఖరి అవకాశం.

“ప్రాక్టీస్ పోతది గద మేడమ్?” అంది.

“ఇదీ ప్రాక్టీసేలే,” అన్నాను. నా నోరు పడిపోను!

ఫిల్మ్‌నగర్ సెట్లో నాలుగు రోజులు. మొదటి టేక్‌లో అలవాటుకొద్దీ ఢీ తగలగానే తిరిగి ఉరికింది పాపం.

“ఏందమ్మా గట్ల ఉరుకుతవ్? కట్ అనేదాంక జర కదలకు!” అని అసిస్టెంటు భిక్షం మైకులో అరిచాడు. కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న నేనూ “కదలకు మెర్లిన్” అని వంత పాడాను.

ఇక నాలుగు రోజులూ అదే. ఢీ తగిలించుకోవడం, బొమ్మలా ఆగిపోవడం. ఆ తర్వాత హీరోయిన్ పౌడర్ అద్దించుకుని వచ్చేది, బంతి వైపు చూడకుండా కెమెరా వైపు చూస్తూ తిరిగేది. గోళ్లు విరుగుతాయని ప్లాస్టిక్ బంతి! అయినా అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

ఆదివారం వచ్చింది. సెలక్షన్ ఆటలో మెర్లిన్ స్క్రీన్ వేసింది. ఏం స్క్రీన్ అది! ఎదుటి పిల్ల తగిలి కూలబడింది. రింగు దాకా దారి ఖాళీ. బంతి పట్టుకున్న అమ్మాయి మెర్లిన్ ఉండాల్సిన చోటికి పాస్ ఇచ్చింది. అక్కడ ఎవరూ లేరు. బంతి వెళ్లి గోడకు కొట్టుకుంది.

మెర్లిన్ స్క్రీన్ వేసిన చోటే నిలబడి ఉంది.

“తిరుగే!” అని గొంతు చించుకున్నాను. ఉలిక్కిపడి తిరిగింది. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి భయంతో ఢీ తగలకముందే పరుగెత్తింది.

సెలక్టర్ చలపతిరావు కాగితం మడిచాడు. “నిలబడటం బాగా వచ్చండీ. ఆ తర్వాతేం చెయ్యాలో ఎవరూ నేర్పినట్టు లేరు,” అన్నాడు.

మెర్లిన్ బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చుంది. పక్కన కూలబడ్డాను.

“ఏమో మేడమ్, కట్ అనేదాంక కాళ్లు కదల్లే,” అంది. ముక్కు తుడుచుకుని, నన్నే ఓదార్చింది: “పోనీలే మేడమ్, సిన్మాల మీ పేరైతే వస్తది గద.”

నా పేరంటే నాకే రోత పుట్టింది.