తాటిచెట్టు మీద కరిగిన మాత్ర

నేను ఒక మాత్రను. కందిబద్దంత ఉంటాను, అయినా చూసి నవ్వకండి. బండరాళ్లను పేల్చే మందు మా దగ్గరి చుట్టమే. ఒక్కటే షరతు, నన్ను నాలుక కింద పెట్టుకోవాలి. మింగారో, నా బలమంతా కాలేయం పాలు!

ఫ్యాక్టరీలో పుట్టి, మందుల షాపు మీదుగా కల్లుగీత పనిచేసే బాలెల్లం చేతికి వచ్చాను. గుండెనొప్పి ఉంది, చెట్టెక్కొద్దని డాక్టరు చెప్పాడు. "ఎక్కకుంటే నేనేం గౌడోన్ని సారూ?" అని లేచి వచ్చేశాడు. మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు నా పక్కనున్న మాత్రను, మా అక్కను, కల్లుతో మింగేశాడు. పాపం, వృథాగా పోయింది. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండింది.

ఓ పొద్దున తాటిచెట్టు తలమీద, కల్లు పట్టే లొట్టి విప్పుతుండగా అతని ఛాతీని నొప్పి పట్టేసింది. నడుముకున్న గీతకత్తుల ముస్తాదులోంచి నన్ను తీసి, ఈసారి నాలుక కిందే పెట్టుకున్నాడు. కరిగి నెత్తురులోకి దూకాను. నాలోంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడింది, రక్తనాళాల గోడలు సడలాయి. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, దాని భారం తేలికైంది. నొప్పీ, నీ ఆటలిక సాగవు!

కానీ నాకు సడలించడమే తెలుసు, ఆపడం తెలియదు. బీపీ పడిపోయింది, అతని కళ్లు బైర్లు కమ్మాయి. కింద భార్య సాలమ్మ గుండెలు బాదుకుంటోంది.

"దిగు జల్ది! నీ కాళ్లు మొక్కుత!"

"నేను దిగ! మాత్రేస్కుంటె కదలొద్దన్నడు డాక్టరు!"

ఇన్నాళ్లకు డాక్టరు మాట విన్నాడు, అదీ అంత ఎత్తున! చెట్టుకూ నడుముకూ చుట్టిన మోకులో వెనక్కి వాలి, మట్టను పట్టుకున్నాడు. ఇప్పుడు దిగితే పట్టు తప్పుతుంది. నాకు భయమేసింది. అతను మాత్రం కదల్లేదు.

కళ్లు తేటపడ్డాక మెల్లగా దిగాడు. తల పగిలిపోతోంది, అదీ నా పనే. సాలమ్మ ఏడవలేదు. అతని నడుము నుంచి మోకు విప్పి తన భుజాన వేసుకుంది.

"ఇగ దీన్ని తలకింద పెట్టుకొని పండుకుంట. ఎట్ల తీస్కుంటవో సూస్త."

డాక్టరుకు ఎదురుచెప్పినవాడే నుదురు పట్టుకుని ఆమె వెనకే నడిచాడు. నేను దాదాపు అయిపోయాను. అయినా ఆ నడక చూడటానికి, మొండిగా ఇంకాస్త మిగిలాను.