తడి లేని గోడ

ట్రెంట్ కాగితాన్ని బల్ల మీద నా వైపు జరిపాడు. ఆరు వేల ఐదు వందల డాలర్లని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. మొన్న ఫోనులో పదమూడు వేలన్న మనిషి ఇతనే.

కారు వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, నా పాత ట్రెయిలరు, ఇచ్చి చిన్నది తీసుకుందామని ఈ షాపుకి వచ్చాను. నాది ఇరవై ఎనిమిది అడుగులది. మా ఆయన మెర్ల్ ఉన్నన్నాళ్ళూ మేము దాన్ని కట్టుకుని వెళ్ళని సరస్సు లేదు. ఆయన పోయాక రెండేళ్ళుగా పెరట్లోనే ఉంది. సోమవారం నుంచి మిషిగన్‌లో ఒక పార్కు క్యాంపు చూసుకునే పని నాకిచ్చారు. జీతం లేదు కానీ వేసవంతా సరస్సు ఒడ్డున ఉచితంగా ఉండొచ్చు. నాకిచ్చిన చోట ఇరవై రెండు అడుగులకు మించిన బండి పట్టదు. ఇక్కడున్న ఇరవై అడుగుల కొత్తది పదిహేను వేలు. నా దగ్గరున్నది రెండు వేల చిల్లర. పదమూడు వేలు రాకపోతే ఆ ఒడ్డు ఇంకొకరిది.

"ఏం బాబూ, మిగతా సగం ఎక్కడ పోయింది?" అన్నాను.

"గోడ తడిసిపోయింది మేడం," అన్నాడు ట్రెంట్, సొంత బండి పాడైనంత దిగులుగా. "మంచం పక్క కిటికీ దగ్గర తేమ మీటరు పెడితే ఒకటే కూత. లోపలంతా కుళ్ళిపోయి ఉంటుంది. నాకైతే ఇవ్వాలనే ఉంది, మా మేనేజరే ఒప్పుకోడు. ఇంకోసారి అడిగొస్తా ఉండండి."

అద్దాల గదిలోకి వెళ్ళాడు. అక్కడ మేనేజరు కాదు కదా, పురుగు కూడా లేదు. కాఫీ పోసుకుని, గోడ మీది క్యాలెండరులో చేప బొమ్మ చూస్తూ కప్పు ఖాళీ చేసి వచ్చాడు.

"చచ్చీచెడీ ఏడు వేలకి ఒప్పించాను."

"ఎవర్ని, ఆ చేపనా?" అన్నాను.

నా చెల్లెలు ఆర్లీన్ మోచేత్తో పొడిచింది. అమ్మేవాణ్ణి మంచి చేసుకోవాలని తను పొద్దున్నే 'షుగర్ క్రీమ్ పై' అనే తీపి రొట్టె చేసి తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. "అక్కా, ఒప్పేసుకో. మిగతాది వాయిదాల్లో కడుదువుగాని. వీళ్ళతో మనం ఎక్కడ పెట్టుకుంటాం," అని గొణిగింది. తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పే రకం ఆర్లీన్.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా ఎల్కార్ట్‌లో ఇంటికొకరైనా ట్రెయిలర్ల ఫ్యాక్టరీలో చేసినవాళ్ళే. ట్రెంట్ బయటి ఊరి నుంచి వచ్చి ఆర్నెల్లయింది. బండ్లు కొనేవాళ్ళనే చూశాడు, కట్టేవాళ్ళను చూడలేదు. నేను ఇరవై మూడేళ్ళు గోడల విభాగంలో అల్యూమినియం కడ్డీలు వెల్డింగ్ చేశాను. ఆ కిటికీ పక్కన గోడలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

"ఆ మీటరు పట్టుకురా," అని లేచాను.

నా ట్రెయిలరులో, కిటికీకి నాలుగంగుళాల పక్కన అతను మీటరు ఆనించాడు. అది గట్టిగా కూసింది.

"విన్నారా మేడం?"

"విన్నాను. ఇప్పుడు మూడంగుళాలు ఎడమకి జరుపు."

చప్పుడు లేదు. కుడి వైపూ లేదు. మొదటి చోటి నుంచి నిటారుగా పైకి జరపమన్నాను. కప్పు దాకా ఆపకుండా కూసింది.

"వాన నీళ్ళు ఇలా గీత గీసినట్టు దిగుతాయా నాయనా? అక్కడ కడ్డీ ఉంది. ఈ మీటరుకి నీళ్ళయినా లోహమైనా ఒకటే."

"అది మీ ఊహ. లోపల ఏముందో ఎవరు చూశారు?"

"సరే, నీ కొత్తదాంట్లోకి పద. అదీ మా ఫ్యాక్టరీదే."

అతను కదల్లేదు. ఆర్లీన్ అప్పటికే వెళ్ళి కొత్త బండి తలుపు తెరిచి పట్టుకుంది. ఆ పిరికిదానికి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో. నేనే మీటరు తీసుకుని అదే చోట ఆనించాను. ఇంకా గట్టిగా కూసింది. పక్క బండి చూస్తున్న ముసలి దంపతులు తల తిప్పారు.

"ఏమిటమ్మా ఆ గోల?" అన్నాడాయన.

"ఈ కొత్త బండి కుళ్ళిపోయిందటండీ. ఇంకా రోడ్డైనా ఎక్కలేదు పాపం," అన్నాను. "ట్రెంట్, మరి దీనికీ సగం ధరేనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మేడం, కాస్త మెల్లగా."

"నేను మెల్లగానే మాట్లాడుతున్నా. అరుస్తున్నది నీ మీటరు."

ఈసారి మేనేజరును అడగడానికి వెళ్ళలేదు. కూర్చుని పదమూడు వేలని రాశాడు.

"అలమరా గొళ్ళెం విరిగిందని ముందే రాసిచ్చాను. దానికో యాభై తగ్గించుకో," అన్నాను. అతను నమ్మలేనట్టు చూసి, కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆర్లీన్ బల్ల మీది తీపి రొట్టె డబ్బా తీసి చంకలో పెట్టుకుంది.

తాళాలు ఇస్తూ అడిగాడు ట్రెంట్. "అక్కడ కడ్డీ ఉందని అంత కచ్చితంగా ఎలా తెలుసు మేడం?"

"నా పాత బండిలో సింకు కింద ఫ్యాక్టరీ తనిఖీ చీటీ ఉంటుంది, చూసుకో. గోడలు అన్నచోట సంతకం నాదే. నేను కట్టానని తెలిసే మెర్ల్ దాన్ని కొన్నాడు."

సోమవారం పొద్దున కొత్త బండిని ఒక్క ప్రయత్నంలో వెనక్కి నడిపి సరస్సు ఒడ్డున పెట్టాను. ఎప్పుడూ మెర్ల్ చేసే పని అది. వెనక ఇంకా రెండడుగుల చోటు మిగిలింది. అక్కడ కుర్చీ వేసుకుని, ఆర్లీన్ కట్టిచ్చిన తీపి రొట్టె ముక్క తిన్నాను.