గిన్నె నడిచిన దారి

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే మరదలు చేసే మొదటి పని, అరల్లో ఉన్న పాత్రల్ని మళ్ళీ వాటి వాటి చోట్లలో సర్దడం. రాత్రంతా అవి తమని చేసిన చోటు వైపు జరుగుతాయి. గాజు గ్లాసులు దక్షిణాన ఉన్న గాజు కొలిమి వైపు, రేకు డబ్బాలు స్టేషను అవతల రేకు నొక్కే ప్రెస్సు వైపు, వేలెడంతో బెత్తెడంతో. సిమెంటు కుండీలకి బద్ధకం ఎక్కువ. వారం మొత్తం మీద వడ్లగింజంత కదిలితే గొప్ప. కొవ్వొత్తుల పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. అర అంచున ఓ చెక్క బద్ద కొట్టించుకుంటే ఏదీ కింద పడదు.

"నేనూ ఇలా పుట్టింటి వైపు జరిగేదాన్నయితే మీ అన్నయ్య గుమ్మానికీ బద్ద కొట్టించేవాడు" అనేది వదిన, మైనం కలుపుతూ.

మైనం, వత్తి, వాసన వదినవి. అది పోసే పాత్రలు తెచ్చే పని మరదలిది. గాజు ఫ్యాక్టరీలో ఎర్రటి ముద్ద ఇనప అచ్చులో పడి గ్లాసయ్యాక, పొడుగాటి బట్టీలో నిదానంగా చల్లారేదాకా ఆమె ఓపిగ్గా నిలబడేది. తొందరపెట్టి చల్లార్చిన గ్లాసు వత్తి వేడికి పగిలిపోతుంది. ప్రెస్సు దగ్గర అతుకు లేని డబ్బాలే ఏరుకునేది. అతుకుంటే మైనం కారుతుంది.

మట్టి గిన్నెలు మాత్రం కుమ్మరి పిన్నివి. చుట్టరికమేమీ లేదు, పిలుపు అలా అలవాటైంది. వట్టి మట్టి మైనాన్ని తాగేస్తుందని, పిన్ని లోపల గాజుపూత పూసి రెండోసారి కాల్చేది. మరదలి భర్త పోయాక, నలుగురిలో కూర్చుంటే ఊపిరాడని రోజుల్లో, పిన్ని గిన్నెలు తిప్పే ఆ సారె పక్కనే ఆమెకి కాస్త చోటు దొరికింది. పిన్ని ఓదార్చలేదు, ఏమీ అడగలేదు. మట్టి పిసకమంది, అంతే.

ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ పిన్ని ఉండే సందు మొత్తం కూల్చేశారు. మరదలు వెళ్ళేసరికి గిన్నెలు కాల్చే ఆవం ఉన్నచోట కంకర కుప్ప ఉంది. పిన్ని ఎటు పోయిందో చెప్పడానికి ఇరుగూ లేరు, పొరుగూ లేరు. ఫోను పలకలేదు. అరలో మిగిలిన మట్టి గిన్నెలు ఎటు వెళ్ళాలో తోచనట్టు ఉన్నచోటే తమ చుట్టూ తాము తిరగసాగాయి. వదిన వాటిలో మైనం పోయబోతే మరదలు వద్దంది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున తలుపు తీస్తే, మట్టి గిన్నెలన్నీ పడమటి మూలకి చేరి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"పిన్ని సందు ఇటు కాదుగా?"

"మట్టికి చోటుతో పని లేనట్టుంది వదినా. ఆ చెయ్యి ఎక్కడుంటే అక్కడికే. పిన్ని ఎక్కడో కుదురుకుంది."

"మరి ఇంకా నిలబడ్డావేం?"

ఒక గిన్నె ఒళ్ళో పెట్టుకుని మరదలు బస్సెక్కింది. టికెట్టు ఎక్కడికని కండక్టరు అడిగితే, ఇది ఎక్కడ దిగమంటే అక్కడికంది. అతను గిన్నె వంక చూసి, ఎందుకైనా మంచిదని చివరి స్టాపుకి కొట్టాడు. వంతెన దాటగానే గిన్నె ఆమె చేతిని కిటికీ వైపు నెట్టింది. దిగిపోయింది. నాలుగు రోడ్లు కలిసేచోట ఎటు కదులుతుందో చూద్దామని టీ బండి బల్ల మీద దాన్ని పెడితే, బండి అతను దారికి అడ్డం లేకుండా గ్లాసులు పక్కకి తీశాడు. దగ్గరవుతున్నకొద్దీ గిన్నె నడక పెరిగింది. చివరి వీధిలో దాని వెనకాల ఆమె ఇంచుమించు పరిగెత్తాల్సి వచ్చింది.

అది హోటళ్ళ దుప్పట్లు ఉతికే షెడ్డు. లోపలంతా ఆవిరి. మబ్బులోకి నడిచినట్టు నడిచి వెళ్తే, అవతల ఇస్త్రీ బల్ల దగ్గర పిన్ని కనిపించింది. చేతులు తెల్లగా ఉన్నాయి, గోళ్ళలో మట్టి లేదు. గిన్నె బల్ల మీద మడతలు దాటుకుంటూ వెళ్ళి ఆమె మణికట్టుకి ఆనుకుంది. పిన్ని దాన్ని ముట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు.

"నన్ను తీసుకెళ్ళడానికొచ్చావా?"

"నేనెవర్ని పిన్నీ తీసుకెళ్ళడానికి. అది నడిచింది, నేను వెనకాల వచ్చాను. మా పెరట్లో చోటుంది. ఆ మాట చెప్పి పోదామని."

"మళ్ళీ ఆవం కట్టడం, మళ్ళీ ఎవడో వచ్చి కూల్చడం. చూడలేను పిల్లా. దుప్పటి నలిగితే మళ్ళీ ఇస్త్రీ చేస్తాను. దీనికి బాధ లేదు."

మరదలు బతిమాలలేదు. తనని ఆవిడ ఒకప్పుడు ఎలా కూర్చోనిచ్చిందో, అలాగే సాయంత్రం దాకా పక్కన కూర్చుని దుప్పట్ల కొసలు పట్టింది. గిన్నెని అక్కడే వదిలి ఇంటికొచ్చేసింది. జరిగింది వదినకి చెప్పింది. మర్నాడు వదిన పెరట్లో చెత్త తీయించి, నేల చదును చేయించింది.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం పిన్ని గిన్నెని కొంగులో మూటగట్టుకుని వచ్చింది. ఎటు తిరిగితే అటు కాళ్ళకి అడ్డం పడుతోందట. పడుకుంటే దిండు పక్కకి చేరుతోందట. మీ సొమ్ము మీరు తీసుకోండి అంది. వదిన చేయి చాపి తీసుకుంది. అరలోని మట్టి గిన్నెలు బద్ద దగ్గరకొచ్చి బారులు తీరాయి. పిన్ని వాటి ముందు చాలాసేపు నిలబడి, పెరట్లోకి వెళ్ళి, చదును చేసిన నేల మీద కూర్చుంది. పిడికెడు మన్ను తీసి నలిపి చూసింది.

"ఇది పనికిరాదు. ఇసక ఎక్కువ. ఇక్కడ చెరువు మట్టి ఎక్కడ దొరుకుతుంది?"

ఎండలు వచ్చేసరికి ఆవం లేచింది. మొదటి వాయి దింపి, చల్లారాక మరదలు ఒక గిన్నె తెచ్చి సారెకి కాస్త దూరంలో నేల మీద పెట్టింది. అందరూ చూస్తుండగానే అది చిన్నగా కదిలి, పిన్ని మోకాలికి తగిలి ఆగింది. పిన్ని తల తిప్పలేదు. అప్పటికే సారె మీద ఇంకో ముద్ద పెట్టి, మరదలి వైపు నీళ్ళ కోసం తడి చెయ్యి చాపింది.